నీళ్లు తక్కువ పడే చోట వరి: పద్ధతి మార్చాలా, విత్తనం మార్చాలా?

"తక్కువ నీళ్లతో పండే వరి ఏదైనా ఉందా?" అని విత్తనాల షాపులో అడిగే రైతులు ఏటా జూన్‌లో కనిపిస్తారు. షాపతను ఏదో ఒక సంచి చూపిస్తాడు, రైతు తీసుకుని వెళ్తాడు. ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు అవసరాలు కలిసిపోయి ఉన్నాయని ఇద్దరూ గమనించరు. ఉన్న నీళ్లను పొదుపుగా వాడుకుని పంటను గట్టెక్కించడం ఒకటి. నీళ్లు మధ్యలో ఆగిపోయినా పంట మొత్తం పోకుండా చూసుకోవడం ఇంకొకటి. మొదటిది సాగు పద్ధతి చేసే పని, రెండోది విత్తనం చేసే పని.

బెట్టను తట్టుకునే రకాన్ని తెచ్చి మడి నిండా నీళ్లు నిలబెడితే ఒక్క తడి కూడా మిగలదు. సాంబ మసూరిని ఎంత పొదుపుగా పెంచినా, పైరు పొట్ట మీద (వెన్ను ఇంకా లోపలే) ఉన్నప్పుడు బోరు ఎండితే చేతికొచ్చేది గింజ లేని తాలే. అందుకే ఏ రకం, ఏ పద్ధతి అని వెతికే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ పొలానికి నీళ్లు ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఎవరు? మీ చేతిలోని మోటారు స్టార్టరా, కాలువ మీద నీళ్లు వదిలే లస్కరా, వానా? సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. బోరు రైతుకు పనికొచ్చిన మాట కాలువ చివరి రైతును ముంచవచ్చు.

నీళ్లు ఎటు పోతున్నాయి

దమ్ము చేసి (నీళ్లు పెట్టి బురదగా దున్ని) నాటిన వరికి 1200 నుంచి 1500 మిల్లీమీటర్ల నీరు కావాలని లెక్క. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4 వేల లీటర్లు. అంటే తక్కువలో తక్కువ ఎకరానికి 48 లక్షల లీటర్లు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండినా కిలో వడ్లకు 1900 లీటర్ల పైమాటే. వానాకాలంలో ఇందులో పెద్ద భాగం వానే ఇస్తుంది. యాసంగిలో (కోస్తాలో దాళ్వా అంటారు) దాదాపు అంతా బోరో కాలువో ఇవ్వాలి.

ఇంత నీటిలో మొక్క తీసుకునేది కొంతే. దమ్ముకే 150 నుంచి 250 మి.మీ. పోతుంది. ఆ తర్వాత మడిలో నిలబెట్టిన నీరు రాత్రీపగలూ కిందికి ఇంకుతూనే ఉంటుంది. నీటి మట్టం ఎంత ఎత్తున ఉంటే ఇంకుడు అంత ఎక్కువ. గట్లలో ఎండ్రకాయ బొరియలు, ఎలుక బొరియలు ఉంటే మీరు పెట్టిన నీళ్లు పక్క మడికో డొంకలోకో పోతాయి. పద్ధతి ఏదైనా సరే, ముందు గట్లు మెత్తి, చదును సరిచూసుకోండి. మడిలో ఒక మూల ఎత్తుగా ఉంటే ఆ మూల తడవడానికి మిగతా మడి అంతా నాలుగు వేళ్ల లోతు మునగాలి. లేజర్ లెవలర్ అద్దెకు దొరికే ఊళ్లలో వేసవిలో ఒకసారి చదును చేయించుకుంటే 20 శాతం దాకా నీరు ఆదా అవుతుంది. మళ్లీ కొన్నేళ్ల వరకు ఆ ఖర్చు ఉండదు. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి పద్ధతీ చదునైన నేల మీదే సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి మొదటి ఖర్చు దీని మీద పెట్టమనే నా సలహా.

బోరు కింద: తడిపి ఆరబెట్టే పద్ధతి

నీళ్లు మీ చేతిలోనే ఉంటే ఇంతకంటే చవకైన మార్గం లేదు. వ్యవసాయ అధికారులు దీన్ని ఏడబ్ల్యూడీ అంటారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. దీనికి కావాల్సింది ఒక పీవీసీ గొట్టం ముక్క, అంతే.

గొట్టం 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. కింది భాగం చుట్టూ చిన్న రంధ్రాలు చేసి, ఆ భాగం 15 నుంచి 20 సెంటీమీటర్లు నేలలోకి దిగేలా పాతి, లోపలి మట్టి తీసేయాలి. గట్టుకు దగ్గరగా, నడిచి వెళ్లి చూడడానికి వీలుగా, మడిలో మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని చోట పాతండి. మడిలో నీళ్లున్నప్పుడు గొట్టం లోపలా బయటా మట్టం ఒకేలా ఉండాలి. తేడా ఉంటే రంధ్రాలు పూడుకున్నాయని అర్థం.

నాటాక మూన తిరిగే (నారు వేళ్లూని నిలదొక్కుకునే) దాకా, ఆ తర్వాత కలుపు అణిగే దాకా, మొత్తం రెండు వారాలు పలుచగా నీరు ఉంచాలి. అప్పటి నుంచి నీరు తీసిపోనివ్వడమే. పైన మట్టి కనపడగానే కంగారుపడి మోటారు వేయకూడదు. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెట్టాలి. ఆ లోతు దాకా వేళ్లకు తేమ అందుతూనే ఉంటుంది, దిగుబడి తగ్గదు. ఎర్ర చెలకల్లో రెండు మూడు రోజులకే తడి అవసరం పడొచ్చు, బరువు నేలల్లో వారం పైన పట్టొచ్చు. ఈ తేడా కళ్లతో చూసి చెప్పడం కష్టం, గొట్టం ఉన్నది అందుకే.

ఒక దశలో మాత్రం ఆరబెట్టడం ఆపాలి. ఈనడానికి (వెన్ను బయటికి రావడానికి) వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మడిలో నీరు నిలిచి ఉండాలి. బోరు సహకరిస్తే పొట్ట దశ నుంచే నిలబెట్టండి. వరి జీవితంలో నీటి ఎద్దడిని అస్సలు ఓర్చుకోని రోజులివి. పిలక దశలో నాలుగు రోజులు ఎండినా మొక్క తేరుకుంటుంది. పూత మీద ఎండితే గింజ కట్టదు, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఆ నష్టం పూడదు.

ఈ పద్ధతిలో 15 నుంచి 30 శాతం నీరు మిగులుతుంది. 20 శాతమే అనుకున్నా ఎకరానికి దాదాపు 10 లక్షల లీటర్లు. గంటకు 15 వేల లీటర్లు పోసే బోరు అయితే అది 65 గంటల పంపింగ్.

"కరెంటు ఉచితమే కదా, ఈ తంటా ఎందుకు?" అనేవాళ్లున్నారు. బిల్లు పరంగా చూస్తే నిజమే, ఒక్క రూపాయి మిగలదు. మిగిలేది బోరు. మార్చిలో మట్టం పడిపోయి, పొట్ట మీదున్న రెండెకరాల్లో ఒక ఎకరం వదిలేసుకోవాల్సి వచ్చిన రైతుకు ఆ 65 గంటల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది. ఆటో స్టార్టర్ ఉన్న బోరు మీద తడిపి ఆరబెట్టడం అనేది ఉండదు. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే నడుస్తుంది, మడి ఎప్పుడూ ఆరదు. ఈ పద్ధతి మొదలుపెట్టాలంటే ముందు దాన్ని తీసేయాలి.

ఎవరు చేయకూడదో కూడా చెప్పాలి. చౌడు నేలల్లో, సముద్రానికి దగ్గరగా ఉప్పు తగిలే పొలాల్లో మడిని ఆరనిస్తే ఉప్పు పైకి తేలి మొక్క మాడుతుంది. అక్కడ నీరు నిలిచి ఉండడమే మేలు. నల్లరేగడిలో కూడా మరీ ఆగకండి, సన్న నెర్రెలు కనపడగానే తడి పెట్టండి. నెర్రెలు పెద్దవైతే తర్వాత పెట్టిన నీరంతా వాటిలోంచి లోతుకు పోయి, పొదుపు చేసినదానికంటే ఎక్కువ పోగొట్టుకుంటారు. యూరియా విషయంలోనూ జాగ్రత్త కావాలి. బురద పదునులో వేసి, ఒకటి రెండు రోజుల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. నిలిచిన నీటిలో చల్లి తర్వాత మడిని ఆరబెడితే నత్రజని గాలిలో కలిసిపోతుంది.

శ్రీ పద్ధతి ఎవరికి

1980లలో మడగాస్కర్‌లో ఫాదర్ హెన్రీ డి లాలానీ రూపొందించిన ఈ పద్ధతి మన దగ్గరికి 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ద్వారా వచ్చింది. ఎకరానికి 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల దూరంలో కుదురుకు ఒకే మొక్క, మడిలో నీరు నిలపకుండా తడి మాత్రమే, పది రోజులకోసారి వీడర్ నడపడం. సరిగ్గా చేసిన చోట పిలకలు ఎంత బలంగా వస్తాయో చూసినవాళ్లకు తెలుసు. నీరు కూడా తడిపి ఆరబెట్టే పద్ధతి కంటే కొంత ఎక్కువే మిగులుతుంది.

అయినా రైతులు చాలా మంది వదిలేశారు, అందుకు వాళ్లను తప్పుపట్టలేం. లేత నారును మట్టితో సహా తీసి ఒక్కొక్కటిగా నాటే కూలీలు దొరకరు. నీరు నిలవదు కాబట్టి కలుపు విపరీతంగా వస్తుంది. బురదలో వీడర్ తోయడం ఒళ్లు హూనమయ్యే పని. ఒకటి రెండు ఎకరాలున్న, ఇంట్లో మనుషులే పనిచేసుకునే రైతుకు నేను ఇప్పటికీ శ్రీని సిఫారసు చేస్తాను. ఐదెకరాలు కౌలుకు చేసే రైతుకు చెప్పను.

కాలువ చివర, చెరువు కింద: నారు పోయకుండా విత్తడం

కాలువ నీళ్లు మడి నుంచి మడికి పారే చోట గొట్టం పాతినా ఉపయోగం లేదు. మీ మడి ఆరాలని మీరనుకున్నా పై రైతు నీళ్లు మీ మడి మీదుగానే కిందికి పోవాలి. వారబందీ ఉన్న కాలువల్లో కొన్ని రోజులు నీళ్లు ఇచ్చి కొన్ని రోజులు ఆపుతారు. అంటే తడిపి ఆరబెట్టడం ఎలాగూ జరుగుతోంది, కాకపోతే ఎప్పుడు ఆరబెట్టాలో మీరు చెప్పలేరు. పిలక దశలో ఆగితే ఫర్వాలేదు, పూత మీద ఆగితే పోతుంది. ఇక్కడ అసలు సమస్య నీరు ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది.

కాలువ చివరి రైతుకు ఏటా ఎదురయ్యే కష్టం ఇంకొకటి ఉంది. నీళ్లు వస్తాయని జూన్‌లో నారు పోస్తాడు. నీళ్లు ఆలస్యమవుతాయి. నారు ముదురుతుంది. 120 రోజుల రకానికి నారు వయసు 25 రోజులు, మహా అయితే 30. అదే 40 దాటితే పిలకలు పెట్టే కాలమంతా నారుమడిలోనే అయిపోతుంది. 150 రోజుల స్వర్ణ అయితే ముదురు నారును కొంత ఓర్చుకుంటుంది. నీళ్లు తక్కువని స్వల్పకాలిక రకం తెచ్చి, నీళ్లు ఆలస్యమై ముదురు నారు నాటితే రెండు విధాలా నష్టమే. "స్వల్పకాలిక రకం వేసుకో" అని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. తప్పనిసరై నాటాల్సి వస్తే కుదురుకు మొక్కలు పెంచి, కుదుళ్లు దగ్గరగా పెట్టడం తప్ప మార్గం లేదు.

అందుకే నీటి విడుదల మీద నమ్మకం లేని చోట నేరుగా విత్తడమే మేలని నా అభిప్రాయం. ఇందులో రెండు రకాలున్నాయి.

పొడి దుక్కిలో, తొలకరి పదునుకు గొర్రుతో గానీ సీడ్ డ్రిల్‌తో గానీ 2, 3 సెంటీమీటర్ల లోతున విత్తి, మొదటి నెల నెలన్నర మెట్ట పంటలా పెంచి, కాలువ వదిలాకో చెరువు నిండాకో నీరు పెట్టుకోవడం ఒకటి. ఉత్తరాంధ్రలో ఎదలు అని పాత కాలం నుంచీ ఉన్నది, కృష్ణా డెల్టాలో ఈ మధ్య వెద పద్ధతిగా బాగా పెరిగినది ఇదే. దమ్ము నీళ్లు మొత్తం మిగులుతాయి, నాటు కూలి ఉండదు. చెరువు ఆగస్టుకు గానీ నిండని ఊళ్లకు ఇంతకంటే సరిపడే పద్ధతి నాకు కనపడదు. పైరు ముందే నిలబడి ఉంటుంది, నీళ్లు వచ్చినప్పుడు అందుకుంటుంది.

రెండోది, దమ్ము చేసిన బురదలో మొలకెత్తిన విత్తనాన్ని డ్రమ్ సీడర్‌తో వేయడం. ఎకరానికి 10 నుంచి 12 కిలోల విత్తనం సరిపోతుంది, కోత వారం పది రోజులు ముందుకు వస్తుంది. ఇక్కడ దమ్ము నీళ్లు మిగలవు, నారుమడి నీళ్లు మాత్రమే మిగులుతాయి. నీటి కోసమే అయితే పొడి విత్తనమే దీనికంటే మెరుగు. కూలీల కొరత కోసమైతే డ్రమ్ సీడర్ బాగుంటుంది. తెలంగాణలో చాలా మంది చేసే వెదజల్లడంలో సాళ్లు ఉండవు, విత్తనం ఎక్కువ పడుతుంది, వేళ్లు పైపైనే ఉండి పైరు పడిపోయే అవకాశమూ ఎక్కువ. వీలైతే సాళ్లలోనే వేయండి.

నేరుగా విత్తిన వరిని చెడగొట్టేది కలుపు. నీరు నిలవని మొదటి నెలలో ఊద, తుంగ వరితో పాటే మొలుస్తాయి. ఊద చిన్నప్పుడు వరిలాగే ఉంటుంది, గుర్తుపట్టేసరికి ఆలస్యమైపోతుంది. పొడి విత్తనం అయితే విత్తిన రెండు రోజుల్లో, నేలలో తేమ ఉండగా పెండిమిథాలిన్ కొట్టాలి. 15 నుంచి 20 రోజుల మధ్య, కలుపు రెండు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు బిస్‌పైరిబాక్ సోడియం ఎకరానికి 100 మి.లీ. కొట్టాలి. ఈ రెండో మందును వారం ఆలస్యం చేస్తే సగం పని చేయదు. నాటిన వరికి వాడే కలుపు మందును అలవాటు కొద్దీ డ్రమ్ సీడర్ మడిలో చల్లితే మొలకే దెబ్బతింటుంది, కాబట్టి నేరుగా విత్తిన వరికి పనికొచ్చేదేనా అని అడిగి తీసుకోండి. ఈ రెండు పిచికారీలు సమయానికి చేయలేమనుకుంటే, కలుపు తీసే మనుషులు దొరకరనుకుంటే, ఈ పద్ధతిలోకి దిగవద్దు. మిగిలిన కూలి డబ్బులన్నీ కలుపుకే పెట్టాల్సి వస్తుంది.

నీరు నిలవని నేలలో లేత ఆకులు పాలిపోయి తెల్లబడితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడుసార్లు కొడితే తేరుకుంటుంది. యూరియా వేస్తే పోదు, చాలా మంది చేసే పొరపాటు అదే. ఏళ్ల తరబడి అదే పొలంలో పొడి వరి వేస్తే వేళ్ల మీద నులిపురుగులూ పెరుగుతాయి. మధ్యలో పప్పు పంటకు మార్చడం మంచిది.

విత్తనం దగ్గరికి వస్తే

నీళ్లు తక్కువ పడే పొలానికి రకాలు రెండు విధాలుగా సాయపడతాయి. కొన్ని తొందరగా కోతకొచ్చి కరువును తప్పించుకుంటాయి. కొన్ని కరువు మధ్యలో నిలబడి తట్టుకుంటాయి. షాపులో "కరువు రకం" అని ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి కోవవే. అందులో తప్పు లేదు, మన ప్రాంతంలో చాలా పొలాలకు అవే సరిపోతాయి. కాకపోతే కొనేవాళ్లకు తేడా తెలిసి ఉండాలి.

1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204, కోతకు రావడానికి 145 నుంచి 150 రోజులు తీసుకుంటుంది. మార్టేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, 150 రోజులు. వీటి పక్కన కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1010, పెట్టి చూడండి. అది 120 రోజుల పంట. ఆ 30 రోజులు రోజుకు 8 మి.మీ. చొప్పున వేసుకుంటే 240 మి.మీ. నీరు, ఎకరానికి సుమారు 10 లక్షల లీటర్లు. తడిపి ఆరబెడితే మిగిలేది ఎంతో, రకం మారిస్తే మిగిలేదీ ఇంచుమించు అంతే. ఒక్క గొట్టం కూడా పాతకుండా, పంట కాలాన్ని తగ్గించుకున్నందుకే ఇంత ఆదా. రెండూ కలిపితే లెక్క రెట్టింపు కాకపోయినా బోరుకు చాలా ఊరట.

ఎంటీయూ 1010 నుంచి పుట్టిన కుటుంబం ఇప్పుడు పెద్దది. 125 రోజుల తెలంగాణ సోన (ఆర్ఎన్ఆర్ 15048), 120 నుంచి 125 రోజుల కూనారం సన్నాలు (కేఎన్ఎం 118), జగిత్యాల రైస్ 1 (జేజీఎల్ 24423), అన్నీ దాని సంతానమే. తెలంగాణలో సన్నాలకు 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు కాబట్టి బోరు కింద సన్న రకం కావాలనుకునేవాళ్లకు తెలంగాణ సోన మంచి ఎంపిక. సాంబ మసూరి తినే నాణ్యతకు దగ్గరగా ఉంటూ దాదాపు మూడు వారాలు ముందు కోతకొస్తుంది.

ఇక నిజంగా బెట్టను తట్టుకునేవి. వీటిలో బాగా పేరున్నది సహభాగి ధాన్. జార్ఖండ్‌లోని హజారీబాగ్ వరి పరిశోధనా కేంద్రం, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ కలిసి తయారుచేశాయి. 2009లో జార్ఖండ్, ఒడిశాల కోసం విడుదలైంది. దీన్నే నేపాల్‌లో సుఖా ధాన్ 3గా, బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్ 56గా పండిస్తున్నారు. బెట్ట వచ్చిన ఏడాది మామూలు రకాల కంటే హెక్టారుకు సుమారు టన్ను ఎక్కువ ఇస్తుంది, అంటే ఎకరానికి 4 క్వింటాళ్లు. నీళ్లు బాగున్న ఏడాది కూడా మరీ వెనకబడదు. గింజ మాత్రం పొడవుగా, లావుగా ఉంటుంది. సన్నాలకే ధర పలికే ఊళ్లో ఇది పండించి మిల్లుకు తీసుకెళ్తే నిరాశే. వాన మీదే ఆధారపడే పొలాలకు, ఇంటి తిండికి, కొనుగోలు కేంద్రంలో దొడ్డు వడ్లుగా అమ్ముకునేవాళ్లకు సరిపోతుంది.

డీఆర్‌ఆర్ ధాన్ 42 ఇంకో దారి. ఐఆర్ 64 అనే పాత ప్రసిద్ధ రకానికి బెట్ట అంటే పడదు. దానిలోకి బెట్టలోనూ దిగుబడి నిలబెట్టే రెండు జన్యు భాగాలను సంకరణం ద్వారా తెచ్చి దీన్ని రూపొందించారు. గింజ, కాలం ఐఆర్ 64 లాగానే ఉంటాయి. 1010 పండించిన చేతికి ఇది కొత్తగా అనిపించదు. ఏడాది విడిచి ఏడాది పొట్ట దశలో నీళ్లు ఆగిపోయే చెరువు కింది పొలానికి సహభాగి కంటే ముందు దీన్నే చూడమంటాను.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణతో చేసిన రెండు రకాలను ప్రకటించారు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధనా సంస్థ, ఐఐఆర్ఆర్, సాంబ మసూరి నుంచి చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల. సాంబ కంటే 20 రోజులు ముందు కోతకొస్తుందని, దిగుబడి 19 శాతం ఎక్కువని చెప్పారు. రెండోది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ మన ఎంటీయూ 1010 నుంచే చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. బెట్టనూ ఉప్పునూ తట్టుకోవడం దాని లక్ష్యం. మన రెండు రకాల నుంచే ఇవి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే వీటి పరీక్షల ఫలితాల మీద అభ్యంతరాలూ వినిపించాయి. ప్రకటన వచ్చింది కదా అని ఎవరో సంచుల్లో అమ్మితే కొనకండి, ఈ సీజన్ ప్రణాళిక వీటి మీద కట్టుకోకండి.

మీ పొలానికి ఏది

బోరు ఉంది, నీళ్లు ఒక మోస్తరుగా ఉన్నాయి, నేల చౌడు కాదు. తెలంగాణ సోన లాంటి 125 రోజుల రకం, తడిపి ఆరబెట్టే పద్ధతి. బెట్ట రకం అక్కర్లేదు. పూతకు నీళ్లు అందేలా మీరే చూసుకోగలరు.

కాలువ చివర ఉన్నారు, నీళ్లు ఆలస్యంగా వస్తాయి కానీ వచ్చాక కొంతకాలం ఉంటాయి. పొడి విత్తనం వేసి, కలుపు మీద దృష్టి పెట్టండి. రకం 120, 125 రోజులది అయితే చాలు. విత్తే తేదీ ఎంచుకునేటప్పుడు వెనక్కి లెక్క వేయండి. 120 రోజుల రకం సుమారు 90 రోజులకు పూతకొస్తుంది. ఆ వారాల్లో మీ కాలువలో నీళ్లు ఉంటాయా అన్నది గత నాలుగైదేళ్ల అనుభవంతో మీకే బాగా తెలుసు.

చెరువు కింద పొలం, నిండితే పంట, లేకపోతే లేదు. ఇక్కడ పద్ధతీ విత్తనమూ రెండూ మార్చాలి. పొడి విత్తనంగా డీఆర్‌ఆర్ 42 వేయవచ్చు. పూర్తిగా వాన మీద ఆధారపడే పొలమైతే సహభాగి. ఈ పొలాల్లో సాంబ, స్వర్ణ వేయడం ఆపేయాలి. మంచి ధర ఆశ చూపించి నాలుగేళ్లలో రెండేళ్లు గడ్డి మాత్రమే ఇచ్చే పంట కోసం అప్పు చేయవద్దని బతిమాలి చెబుతున్నాను.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎగువన ఉండి నీళ్లకు కొదవ లేని రైతు నీరు పొదుపు చేస్తే అతనికి పెద్దగా ఒరిగేది ఉండదు. అయినా అతను వదిలిన నీళ్లే చివరి ఆయకట్టుకు చేరాలి. ఒక్కడితో కాదు, ఒక పిల్ల కాలువ కింది రైతులంతా నీటి సంఘంలో మాట్లాడుకుని వంతులు పెట్టుకుంటేనే కుదురుతుంది. అలా కుదిరిన చోట చివరి రైతుకు విత్తనం మార్చాల్సిన అవసరం కూడా రాకపోవచ్చు.

యాసంగిలో బోరు డిసెంబరుకే తగ్గుముఖం పట్టిందంటే ఏ రకమూ ఏ పద్ధతీ నాలుగెకరాల వరిని కాపాడలేదు. ఇంటి తిండికి అరెకరం ఉంచుకుని మిగతాది ఆరుతడి పంటలకు వదలండి. మొక్కజొన్న, వేరుశనగ, నువ్వులు, మినుము, ఏదైనా వరి తాగే నీటిలో సగం లోపే అడుగుతుంది. గుంటూరు, కృష్ణా వైపు వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న వేసే పద్ధతి బాగా స్థిరపడింది, చూసి నేర్చుకోవచ్చు.

విత్తనం గురించి ఒక మాట. సహభాగి, డీఆర్‌ఆర్ 42 హైబ్రిడ్లు కావు. ఒకసారి మంచి విత్తనం తెచ్చుకుంటే కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేసుకుంటూ రెండు మూడేళ్లు మీ విత్తనమే వాడుకోవచ్చు. ఇవి మామూలు షాపుల్లో దొరకడం అరుదు. ఐఐఆర్ఆర్‌ను గానీ మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ ఏప్రిల్, మే నెలల్లోనే అడిగి ఉంచాలి. మొదటి ఏడాది పది గుంటల్లో మాత్రమే వేసి, పక్కనే మీ పాత రకం ఉంచి, రెండింటికీ ఒకే రోజు నీళ్లు పెట్టి, ఒకే రోజు ఆపి చూడండి. కోసినప్పుడు రెండు మడుల వడ్లూ విడివిడిగా తూకం వేయించండి.